కోరి తెచ్చుకున్న గొంతు

ఆఫీసులో ఆమెను చీపురమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, చాటుగానే. కానీ ఆమెకు తెలుసు, తెలిసీ లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా. సరుకుల గోదాములు నడిపే కంపెనీలో కంప్యూటర్లన్నిటి బాగోగులు ఆమెవే. ఏ యంత్రంలో ఏ ప్యాకేజీ ఉండాలి, ఏది పాతబడింది, ఏది ఎవరికీ పనికిరాకుండా మూల కూర్చుని చోటు తింటోంది, పొద్దస్తమానం ఇదే ధ్యాస. ప్యాకేజీ అంటే మరేం కాదు, ఒక ప్రోగ్రామునీ దానికి కావలసిన సరంజామానీ కలిపి కట్టిన మూట. ఒక మూట దించుకుంటే దానికి అవసరమైన మరికొన్ని మూటలు వాటంతటవే వెంట వస్తాయి. అసలు మూటను తీసేశాక ఆ వెంట వచ్చినవి దిక్కులేకుండా పడి ఉంటాయి. అలాంటివి కనబడ్డాయా, చీపురమ్మ చేతులు ఊరుకోవు. ‘ఇవి ఎవరికీ అక్కర్లేదు, తీసెయ్యమంటారా?’ అని యంత్రం అడగడం పూర్తయ్యేలోపే ‘అవును’ నొక్కేస్తుంది.

ఆ రోజు పొద్దున ఆ వేళ్ళే ఆమె కొంప ముంచాయి. అదీ ఆఫీసులో కాదు, ఇంట్లో, మొగుడి ల్యాప్‌టాప్ మీద.

మొగుడు లెక్కల మాస్టారు. అందరూ మాస్టారనే అంటారు, మనమూ అలాగే అనుకుందాం. ఆయనకు గొంతు లేదు. స్వరపేటికలో పుండు లేచి, అది మంచిది కాదని తేలి, డాక్టర్లు దాన్ని పూర్తిగా తీసేశారు. ఆపరేషనుకు ముందు, చీపురమ్మతో కలిసి చదువుకున్న ఒక పరిశోధకుడు మాస్టారిని తన ల్యాబులో అద్దాల గదిలో కూర్చోబెట్టి, రోజుల తరబడి వాక్యాలు చదివించి, ఆ గొంతును కంప్యూటరుకు నేర్పాడు. ఇప్పుడు మాస్టారు టైపు చేస్తే ల్యాప్‌టాప్ మాట్లాడుతుంది. అచ్చం ఆయన గొంతే. వాక్యం చివర సాగదీయడం, నవ్వు ఆపుకుంటున్నట్టుండే ఆ వంకర, అన్నీ దిగాయి. మొదటిసారి విన్నప్పుడు అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పరిశోధకుడు మంచివాడు. “దీన్ని అందరికీ అందేలా పెడదాం, గొంతు పోయినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు” అన్నాడు. చీపురమ్మ ఒంటికాలి మీద లేచింది. “నా మొగుడి గొంతు ఎవరు పడితే వాళ్ళు తొడుక్కోడానికి చొక్కా అనుకున్నావా?” అంది. అతను మారుమాట్లాడకుండా ఉన్న ఒక్క ప్రతీ ఆమె చేతిలో పెట్టాడు. తరువాత ల్యాబు మూతబడింది. రికార్డింగులన్నీ దానితోపాటే పోయాయి.

ఆ గొంతును ప్యాకేజీగా కట్టింది చీపురమ్మే. అది పాత ఇంజనుతోనే, అంటే అక్షరాలను మాటగా మార్చే పాత ప్రోగ్రాముతోనే పలుకుతుంది, కొత్త ఇంజను వేస్తే మూగబోతుంది. అందుకని గొంతునూ పాత ఇంజనునూ కలిపి పట్టి ఉంచడానికి పైన ఒక ఖాళీ ప్యాకేజీ చేసింది. దాని లోపల ఏమీ ఉండదు, ‘నాకు ఆ గొంతు కావాలి, ఆ పాత ఇంజను కావాలి’ అన్న మాట తప్ప. దానికి ‘ఆయన’ అని పేరు పెట్టింది. ఇంట్లో మొగుడి గురించి ఎలా చెబుతుందో యంత్రంలోనూ అలాగే రాసుకుంది.

ఇక ఆ రోజు సంగతి. మాస్టారు సెలవు ముగించుకుని బడికి వెళ్ళినప్పటి నుంచీ ఆయన్ని పుస్తకాల గదిలో కూర్చోబెట్టారు. చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడం, తాళం వేయడం, తాళం తీయడం. తరగతి ఇవ్వండి అని ఆయన అడగని వారం లేదు. చివరికి హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకుంది. మధ్యాహ్నం పిల్లల ముందు ఒక పాఠం చెప్పాలి, ఆమె వెనక బెంచీలో కూర్చుని వింటుంది. బాగుంటే తరగతి ఆయనదే. లేదంటే రిటైరయ్యేదాకా పుస్తకాల గదే. ఆ మాట కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. బడిలో కంప్యూటర్లు చూసే అతను మరో మెలిక పెట్టాడు, అప్‌డేట్ చేయని యంత్రాన్ని మా స్పీకర్లకు కలపనివ్వను అని.

అందుకే చీపురమ్మ ఆఫీసుకు సెలవు పెట్టి, పొద్దున్నే వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి అప్‌డేట్ మొదలుపెట్టింది. కొంత దూరం పోయి ఆగింది. ‘ఆయన’ అడ్డం వస్తోంది, కొత్త ఇంజను వేయడం కుదరదు, అంది యంత్రం. ఇంజను జోలికి పోకుండా మిగతావి చేయమనొచ్చు, ఆ దారి ఆమెకు తెలియనిదేం కాదు. కానీ పక్కనే మాస్టారు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. అత్తగారు “ఇంకా ఎంతసేపే?” అంటూ రెండు నిమిషాలకోసారి వస్తోంది. ‘ఆయన’ ఖాళీ పెట్టె, నేను చేసిందే, కాసేపు తీసి మళ్ళీ పెడితే సరి, అనుకుంది. తీసింది. యంత్రం మర్యాదగా అడిగింది, ఇప్పుడు ఇవి ఎవరికీ అక్కర్లేదు, తీసెయ్యమంటారా?

వేళ్ళు ‘అవును’ నొక్కాయి. ఆ వెంటనే, ఆఫీసులో రోజూ చేసినట్టే, దించుకున్న మూటల నకళ్ళు యంత్రం దాచుకునే అరను కూడా తుడిచేశాయి. అప్పుడు కళ్ళు చదివాయి. తీసేసినవాటిలో గొంతు ఉంది.

కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. పాపం, యంత్రాన్ని అని ఏం లాభం. దానికి తెలిసింది ఒక్కటే, ఇది మీరు కోరి తెచ్చుకున్నదా, వేరేదాని వెంట వచ్చినదా అని తను పెట్టుకున్న గుర్తు. గొంతును ఆమె ఏనాడూ విడిగా కోరలేదు. ‘ఆయన’ను కోరింది, గొంతు వెంట వచ్చింది. ఆ గుర్తు మార్చాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

“ఏమే, మొహం అలా పాలిపోయిందేం?” అంది అత్తగారు.

“గొంతు పోయిందండీ.”

“ఎవరిది?”

“ఆయనది. నేనే తీసేశాను.”

ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది. మాస్టారు ఇటు తిరిగి చూశాడు. ఏమీ అనలేడు కదా, అనడానికి ఇక ఏమీ లేదు కూడా. చీపురమ్మకు ఆ చూపు భరించడం చేతకాలేదు. తల వంచుకుని వెతకడం మొదలుపెట్టింది.

ఇంట్లో ప్రతి ఫొటోకీ ప్రతి కాగితానికీ వేరే డిస్కులో నకలు ఉంది. వాడేసిన టికెట్లకు కూడా ఉంది. ప్యాకేజీలకు మాత్రం లేదు. ప్యాకేజీలదేముంది, పోతే మళ్ళీ దించుకోవచ్చు అన్నది ఆ పని చేసేవాళ్ళందరి ధీమా. లోకంలో ఎక్కడో పెద్ద గోదాములో ఎప్పుడూ ఉంటాయి. ఈ గొంతు ఏ గోదాములోనూ లేదు. ఉండకూడదని పట్టుబట్టింది తనే. మొదట కట్టిన మూట ఉన్న పాత కంప్యూటరును ఎవరికో ఇచ్చేటప్పుడు శుభ్రంగా తుడిచి ఇచ్చింది కూడా తనే. చెరిపినదాన్ని తవ్వి తీసే పనిముట్లు ఉన్నాయి, వాటినీ ప్రయత్నించింది. ఆగిన అప్‌డేట్ ముందుకు సాగి, ఆ చోట అప్పటికే కొత్త ఇంజను వచ్చి కూర్చుంది. పరిశోధకుడికి ఫోను చేసింది. అతను ఇప్పుడు వేరే పనిలో ఉన్నాడు. “అయ్యో, నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. నువ్వే కదా ఎవరి దగ్గరా ఉంచొద్దన్నావు” అన్నాడు. అతను దెప్పిపొడవలేదు, అయినా తగలాల్సిన చోట తగిలింది.

చివరికి కొత్త ఇంజనుతో వచ్చే గొంతునే పెట్టి చూసింది. “నమస్కారం. ఈ రోజు మనం భిన్నాలు నేర్చుకుందాం” అంది ల్యాప్‌టాప్. బల్ల మీద రేకు డబ్బా దొర్లినట్టుంది. అత్తగారు మొహం తిప్పేసుకుంది. మాస్టారు విన్నాడు, విని చిన్నగా నవ్వి, ఫరవాలేదు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ నవ్వు చూశాక చీపురమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. ఆయన అరిచినా బాగుండేది. అరవడానికి గొంతు కావాలి.

“దీంతో పాఠం చెబితే పిల్లలు నవ్వుతారండీ,” అంది. “మీకూ తెలుసు.”

మాస్టారు ఏదో చెప్పాలా వద్దా అని తేల్చుకోలేనట్టు బుగ్గ కొరుక్కున్నాడు. తరువాత గోడకు ఆనించి ఉన్న చిన్న తెల్ల పలక తెచ్చుకుని, తన ఫోనులో చూస్తూ, ఒక నంబరు రాసి ఆమె ముందు పెట్టాడు.

“ఎవరిది?”

కింద రాశాడు. ‘తరువాత తిట్టుకో. ముందు చెయ్యి.’

చీపురమ్మ నంబరు నొక్కింది. అటు చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. కుట్టు మిషను చప్పుడు వినబడి ఆగిపోయింది. తరువాత కీబోర్డు టకటకలు.

“హలో. ఎవరండీ మాట్లాడేది?”

మాస్టారి గొంతు. చివర సాగదీయడంతో సహా.

మొగుడు ఎదురుగా పెదాలు బిగించుకుని నిలబడి ఉన్నాడు, ఆయన గొంతేమో ఫోనులో ఎవరండీ అంటోంది. అత్తగారు గబగబా వచ్చి కొడుకు నోటివంక చూసింది, ఫోనువంక చూసింది, ముక్కున వేలేసుకుంది. చీపురమ్మ, మాస్టారి భార్యనని చెప్పింది. అటు టకటకలు.

“మాస్టారి ఇంటావిడా? నేను టైలర్ని, చెల్లెమ్మా. ఆస్పత్రిలో ఆయన పక్క మంచం నాదే. నాకూ అదే ఆపరేషన్. ఈ గొంతు నాకిచ్చిన సంగతి నీకు చెప్పలేదని ఆయన్ని ఏమీ అనొద్దు చెల్లెమ్మా, తప్పు నాది, అడిగింది నేనే.”

“చూడవే, నా కొడుకు గొంతుతో నిన్ను చెల్లెమ్మా అంటున్నాడు,” అంది అత్తగారు గుసగుసగా. చీపురమ్మకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక మొగుడివంక కొరకొరా చూసింది. తన ఇంట్లో భద్రంగా ఉందనుకున్నది ఎవరి దుకాణంలోనో జాకెట్ల కొలతలు అడుగుతోంది, ఇన్నాళ్ళుగా. కానీ కోపం తీర్చుకునే వేళ కాదు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. “మీకు ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఉందాండీ?” అని అడిగింది.

“అది ఎప్పుడో పోయింది. ఎక్కించి పెట్టిన ఆస్పత్రి ఆవిడ కూడా బదిలీ అయిపోయింది. గొంతు మాత్రం ఉంది, వింటున్నావుగా.”

అంటే లోకం మొత్తానికి మిగిలిన ప్రతి అదొక్కటే. ఎప్పుడూ చూడని మనిషి చేతికింద ఉన్న, ఎప్పుడూ చూడని యంత్రంలో ఉంది. దాన్ని అక్కడి నుంచి తీయాల్సింది కూడా ఆ మనిషే.

చీపురమ్మ ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది. “నేను చెప్పింది చెప్పినట్టే కొట్టండి,” అంది. చిక్కేమిటంటే, టైలరు మాట్లాడేదీ ఆ కీబోర్డుతోనే, పని చేసేదీ దానితోనే. ఆమె చెప్పింది కొడుతున్నంతసేపూ అతను మూగవాడే. టకటకలు వినబడతాయి, సరిగా కొట్టాడో లేదో తెలియదు. మాస్టారు చొక్కా తొడుక్కుని వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. మొదట, ఉన్న ప్యాకేజీని తిరిగి మూటకట్టే పనిముట్టు ఒకటి దించమంది. అటు టకటకలు, ఆ తరువాత నిశ్శబ్దం. మళ్ళీ టకటకలు.

“ఏదో అడుగుతోంది చెల్లెమ్మా. ముందు అప్‌డేట్ చెయ్యాలట. ఏవో పాతవి అడ్డంగా ఉన్నాయట, ఎవరికీ అక్కర్లేనివట, తీసెయ్యమంటావా అంటోంది. అవును కొట్టనా?”

“వద్దు!” అని కేక పెట్టింది చీపురమ్మ. గిన్నెల అర కూడా అదిరింది. “వద్దండీ, చెయ్యి తీసెయ్యండి. కీబోర్డు మీంచి చెయ్యి తీసెయ్యండి.”

ఫోనులో చప్పుడు లేదు. చెయ్యి తీసేస్తే అతను ‘సరే’ అని కూడా అనలేడు. కొట్టేశాడేమో, కొట్టేశాక గొంతు పోయి జవాబు చెప్పలేకపోతున్నాడేమో. రెండిటికీ వినబడేది ఒకే నిశ్శబ్దం. అత్తగారు చీపురమ్మ భుజం పట్టుకుంది.

“అన్నయ్...” అనబోయి ఆగింది. ఆ గొంతును అలా పిలవడానికి నోరు తిరగలేదు. “ఏవండీ, ఉన్నారా? ఉంటే బల్ల మీద కొట్టండి.”

టక్. టక్. చెక్క మీద వేలి కణుపు చప్పుడు.

“‘అవును’ కొట్టలేదు కదా? కొట్టకపోతే ఒక్కసారి కొట్టండి. బల్ల మీదే.”

టక్.

చీపురమ్మ ఊపిరి వదిలింది. కొత్త పనిముట్లు వద్దనుకుంది. ఆ ప్రశ్నకు ‘కాదు’ అని చెప్పించి, తెర మీది ఆ కిటికీ మూయించి, ఆ యంత్రంలో ముందు నుంచీ ఉన్నదానితోనే గొంతు ఫోల్డరును కట్టమని ఒక్కొక్క అక్షరం చెప్పింది. గొంతుకు తను పెట్టిన చోటు తనకు కంఠతా వచ్చు. అక్షరం చెప్పడం, ఆగడం, టకటక, మళ్ళీ అక్షరం. ఒకచోట గీత బదులు చుక్క పడి యంత్రం తిప్పికొట్టింది. మళ్ళీ మొదటికి వచ్చారు. గడియారంవంక చూడకూడదని చీపురమ్మ ఒట్టు పెట్టుకుంది, చూస్తూనే ఉంది.

“మూట కట్టడమే కదా చెల్లెమ్మా, జీవితమంతా చేసింది అదే,” అన్నాడు టైలరు, అయిందని తెలిశాక. ఫైలు ఇటు రావడం మొదలైంది, మెల్లగా. ఆ ఖాళీలో అతను ఇంకో మాట టైపు చేశాడు. “మొదట్లో నాకూ ఆ రేకు గొంతే పెట్టారు. నేను మాట్లాడితే మా పాప పక్క గదిలోకి పారిపోయేది. మాస్టారు అది చూశారు. మర్నాడు తనే తెచ్చి ఇచ్చారు, నేనే అడిగానన్నది అబద్ధం చెల్లెమ్మా. ఇంట్లో చెప్పకండి అన్నారు.”

చీపురమ్మ వెనక నిలబడ్డ మొగుడివంక ఒకసారి చూసి, మళ్ళీ తెరవైపు తిరిగింది.

ఫైలు వచ్చింది. కొత్త ఇంజను తీసేసి, పాతది తెచ్చి, గొంతును దాని చోట పెట్టింది. ల్యాప్‌టాప్ మాస్టారి ముందుకు తోసింది. ఆయన నిలబడే టైపు చేశాడు.

“కోపమా?” అంది ఆయన గొంతు.

“కోపమే,” అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. “నాకెందుకు చెప్పలేదు?”

“అడిగితే వద్దనేదానివి.”

“అనేదాన్నే,” అంది. అబద్ధమాడలేదు. “సాయంత్రం చెబుతాను మీ సంగతి. పదండి.” లేచే ముందు ఒక పని చేసింది. ఆ గొంతును మళ్ళీ ప్యాకేజీగా కట్టి, దాని ఎదురుగా ‘కోరి తెచ్చుకున్నది’ అన్న గుర్తు పెట్టి, రెండు డిస్కుల్లో నకళ్ళు వేసింది.

బడిలో కంప్యూటర్లు చూసే అతను గుమ్మంలోనే అడిగాడు, అప్‌డేట్ అయిందా అని. “ఆ ఇంజను తప్ప అంతా అయింది. దాన్ని ఎవరు ముట్టుకున్నా ఊరుకోను,” అంది చీపురమ్మ. అతను ఆమె మొహం చూసి, ఇంకేమీ అడగకుండా తీగ కలిపాడు.

ఆమె తరగతి బయట వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. లోపల మొదట గుసగుసలు, ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు స్పీకర్లలోంచి మాస్టారి గొంతు వచ్చింది. “ఆ వెనక నవ్వుతున్నదెవరు? నాకు పోయింది గొంతు, చెవులు కాదు.” క్లాసంతా గొల్లుమంది. అది ముందే టైపు చేసి పెట్టుకున్న మాట కాదు, అప్పటికప్పుడు కొట్టింది. తరువాత సద్దు మణిగింది, భిన్నాలు మొదలయ్యాయి.

పాఠం సగంలో హెడ్‌మిస్ట్రెస్ బయటికి వచ్చింది. చీపురమ్మ గోడను వదిలి నిటారుగా నిలబడింది. “ఇంకా అయిపోలేదండీ,” అంది కంగారుగా.

“నేను వినాల్సింది విన్నాను. రేపు మొదటి పీరియడు ఆయనదే. పుస్తకాల గది తాళం ఇచ్చేయమనండి,” అని ఆమె తన గదివైపు వెళ్ళిపోయింది.

సంచిలో ఫోను మోగింది. చీపురమ్మ తీసి చెవి దగ్గర పెట్టుకుంది. కుట్టు మిషను చప్పుడు, ఆగడం, టకటకలు.

“చెల్లెమ్మా, ఏమైంది? పాఠం చెప్పారా?”

ఒక చెవిలో ఆ గొంతు పాఠం చెప్పారా అని అడుగుతోంది. ఇంకో చెవిలో, తలుపు వెనక నుంచి, అదే గొంతు సగానికి సగం ఎంత అని పిల్లల్ని అడుగుతోంది. ఇద్దరూ చివర ఒకేలా సాగదీశారు. చీపురమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఈసారి తుడుచుకోలేదు.

“చెబుతున్నారు అన్నయ్యా,” అంది. “మీరూ వినండి.” అని ఫోను తీసుకెళ్ళి తలుపు సందు దగ్గర పట్టుకుంది.